అర స్వరం కింద

జనవరి 9

అత్తా,

నాకు ఉద్యోగం వచ్చిందని అమ్మ నీకు రాసే ఉంటుంది. ఏం ఉద్యోగమో మాత్రం రాసి ఉండదు, ఎందుకంటే అది అమ్మకి ఇంకా అర్థం కాలేదు. "రోజంతా పాటలు వింటుందట, దానికి జీతం కూడా ఇస్తారట" అని పక్కింటావిడకి చెప్పి ఇద్దరూ తెగ నవ్వుకుంటున్నారు. నిజానికి అంతే. సంగీత కళాశాల వాళ్ళ రికార్డుల గదిలో పని. నేల నుంచి కప్పు దాకా అరలే. ఒక్కో రికార్డూ తీసి, దుమ్ము తుడిచి, విని, ఒక కార్డు మీద మూడు గళ్ళు నింపాలి: వేగం, శ్రుతి, భావం. వేగానికి స్టాప్‌వాచీ ఇచ్చారు. శ్రుతికి శ్రుతిదండం. నాన్న పనిముట్లలో చూశావుగా, మోకాలి మీద కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది, ఆ రెండు కాళ్ళ ఇనప కమ్మీ. ఇక భావానికి ఆ గది చూసుకునే మా పెద్దాయన ఉన్నారు. ఆయన కళ్ళు మూసుకుని విని "ప్రశాంతం" అనో "విషాదం" అనో అంటారు, నేను రాసుకుంటాను. ఆరు నెలలు తప్పుల్లేకుండా రాస్తే ఉద్యోగం ఖాయం చేస్తారట.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కత్తెర పక్కన పెట్టి చదువు. నిన్న బరోక్ కాలం అర దులిపాను. మూడు వందల ఏళ్ళ కిందటి యూరప్ సంగీతమన్నమాట. అందులో దేవుణ్ణి కీర్తించే బృందగానం ఒకటి, పాత రికార్డు. అట్ట వెనక ఫోటో. ప్రార్థనా మందిరంలో నలభై మంది వరసగా నిలబడి నోళ్ళు తెరిచి ఉన్నారు. ముందు వరసలో గడ్డం పైకెత్తుకుని, ఎవరితోనో దెబ్బలాటకి సిద్ధంగా ఉన్నట్టు నువ్వు! అత్తా, నువ్వు పాడేదానివని ఇరవై మూడేళ్ళుగా నాకెవ్వరూ చెప్పలేదేం? మూడో భాగం చివర అందరి గొంతులూ ఆగాక ఒక్క గొంతు పైకి వెళుతుంది చూడు, నా చేతిలో స్టాప్‌వాచీ నొక్కడం మర్చిపోయాను. అది నువ్వేనా? అట్ట మీద "ఒంటి గొంతు" అని ఉంది గానీ పేరు లేదు. కార్డు మీద పేరు రాయాలంటున్నారు పెద్దాయన.

ఇంకో చిత్రం. అట్ట మీద శ్రుతి డి మేజర్ అని అచ్చేశారు, రికార్డు మాత్రం సరిగ్గా అర స్వరం కింద పలుకుతోంది. భావం "గంభీరం" అన్నారు ఆయన. లోపలి కాగితంలో పాట అర్థం చూస్తే "లేవండి, ఆనందించండి, గంతులు వేయండి" అని ఉంది. వీళ్ళేమో తడి బట్టలతో నడుస్తున్నట్టు పాడుతున్నారు. రాత్రి అన్నం దగ్గర నాన్ననడిగాను. ముద్ద కంచంలో పెట్టేసి, "ఆ రికార్డు ఊసెత్తకు" అని పనిగదిలోకి పోయాడు. ఏంటమ్మా మీ అక్కాతమ్ముళ్ళ కథ?

వెంటనే రాయి. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

నీ పిచ్చుక


జనవరి 17

ఓయ్ పిచ్చుకా,

ఊపిరి వదిలెయ్. ఎనిమిది రోజులైంది, ఇంకా బిగబడితే మీ అమ్మ నన్నంటుంది.

ఉద్యోగం వచ్చినందుకు చాలా సంతోషం. కుర్చీలో కూర్చుని చేసే పని కాబట్టి నడుం జాగ్రత్త. నీకో పొడుగు చేతుల కోటు కుడుతున్నాను, దుమ్ముకి పనికొస్తుంది. భుజం కొలత పోయినేడుదే, పెరిగుంటే రాయి. ఇక్కడ బడి యూనిఫారాల ఆర్డరు మీద పడింది. మూడు వందల చొక్కాలు, నాలుగు మిషన్లు, మా కాజాలావిడకి కంట్లో కురుపు. ఆవిడ ఒంటికన్నుతో కాజాలు కుడుతోంది, అయినా నాకంటే తిన్నగానే కుడుతోంది.

ఆ గొంతు నాదే. పేరు రాయకు. అప్పుడు నేనే వద్దన్నాను, ఇప్పుడూ వద్దనే అంటున్నాను. అర స్వరం కింద ఎందుకుందో మీ నాన్ననే అడుగు. చెప్పడులే. వాడు చెప్పడనే నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఇక ఆ సంగతి వదిలెయ్. కోటుకి జేబులు రెండు కావాలా, మూడా?

అత్త


జనవరి 26

అత్తా,

మూడు జేబులు. భుజం పెరగలేదు, నా కుతూహలమే పెరిగింది.

శుభవార్త! చిక్కుముడి విప్పేశాను. మా గదిలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. బరోక్ కాలం వాళ్ళ శ్రుతి మనదానికంటే చాలా ఊళ్ళలో ఇంచుమించు అర స్వరం కిందే ఉండేదట. అందుకని ఇప్పటికీ కొందరు ఆ పాటలకి కావాలనే వాయిద్యాలు దించి శ్రుతి చేస్తారట. అంటే మీ రికార్డు తప్పు కాదు, మహా ఒప్పు! ఆ రోజు హార్ప్సికార్డ్ శ్రుతి చేసింది నాన్నేనని అట్ట మీద చిన్నక్షరాల్లో ఉంది. (హార్ప్సికార్డ్ అంటే పియానోకి ముత్తవ్వ లాంటిది అని అమ్మకి చెప్పాను. "ముత్తవ్వని ఇంకా ఎందుకు వాయిస్తున్నారు, పడుకోనివ్వక" అంది.)

పుస్తకం ఇంటికి తెచ్చి నాన్న ముందు తెరిచాను. "నాన్నా, నువ్వు ఆ కాలపు పద్ధతిలో కావాలనే దించావు కదూ?" అన్నాను. నాన్న ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తర్వాత, "ఆఁ, అదే. అలాగే రాసుకో" అన్నాడు. రైలు అందుకోబోయేవాడు టికెట్టు అడిగినంత తొందరగా అన్నాడు. ఆ మీదట వరండాలో చాలాసేపు ఈల వేసుకుంటూ తిరిగాడు. నాన్న ఈల వేయడం నేనెప్పుడూ వినలేదు.

సరే, ఇప్పుడు రహస్యమేమీ లేదు కదా. పేరు రాయనా?

పిచ్చుక


ఫిబ్రవరి 6

పిచ్చుకా,

ఈల వేశాడా! బాగుంది. ముప్పై ఒక్కేళ్ళ తర్వాత పుస్తకంలో సాకు దొరికిందన్నమాట మీ నాన్నకి.

నీ పుస్తకం చెప్పింది నిజమే కావచ్చు. కానీ మా బృందాన్ని నడిపిన మాష్టారికి ఆ పట్టింపులు లేవు. ఆయన పోయి పదేళ్ళయింది, ఉంటే ఆయన్నే అడిగేదాన్ని. "ఇప్పటి శ్రుతిలోనే పాడాలి, పూర్తి డి మేజర్, ఒక్క వీసం తగ్గినా ఒప్పుకోను" అని కర్రతో బల్ల మీద కొట్టేవాడు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇంతవరకూ మీ మామయ్యకి కూడా చెప్పలేదు. చదివి నీలోనే దాచుకో. మీ నాన్న చెవిన పడితే నీ కోటుకి అసలు జేబులే ఉండవు.

మూడో భాగంలో నువ్వు విన్న ఆ పై స్వరం ఉంది చూడు, సాధనలో అది నాకు అందేది కాదు. ఐదుసార్లు పాడితే రెండుసార్లు అందేది, మూడుసార్లు పిల్లి తోక తొక్కినట్టు అరిచేదాన్ని. అందరూ మర్యాదస్తులు, నేల చూపులు చూసేవాళ్ళు. మీ నాన్న అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు, కొత్తగా శ్రుతి చేసే పని నేర్చుకున్నాడు. మూలన కూర్చుని అంతా వినేవాడు. రికార్డింగుకి ముందురోజు ఇంటికి వెళ్ళే దారిలో ఏడ్చాను. "ఊరుకో అక్కా, రేపు అందుతుంది చూడు" అన్నాడు.

మర్నాడు అందింది పిచ్చుకా! ఎలా అందిందనుకున్నావు, చెయ్యి చాపితే దండెం మీది చొక్కా చేతికొచ్చినట్టు అందింది. మాష్టారు కర్ర కింద పడేసి నా తల నిమిరాడు. నలభై మందీ చప్పట్లు కొట్టారు. జీవితంలో అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు, పెళ్ళి రోజున కూడా (మీ మామయ్యకి చదివి వినిపించకు).

ఆర్నెల్లకి రికార్డు వచ్చింది. పై వీధి పియానో టీచరమ్మ ఇంట్లో వేశాం. ఆవిడ సరదాగా తన పియానో మీద తోడు వాయించబోయింది. కలవలేదు. ఇంకోసారి ప్రయత్నించి, "ఓహో, ఇది అర స్వరం దించి పాడారు, అందుకే మీ అమ్మాయికి అంత సులువుగా అందింది" అంది మా అమ్మతో. మంచి మనసుతోనే అంది. "రేపు అందుతుంది చూడు" అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. నాకు చెప్పకుండా, నా మీద జాలిపడి, తంతులన్నీ దించేశాడు. కొలతకి సరిపోని మనిషికి గుట్టుగా అతుకు వేసి, ఆ తర్వాత ఎంత బాగా సరిపోయిందోనని మెచ్చుకున్నట్టు. ఆ చప్పట్లు నావి కావు. మర్నాటి నుంచి నేను బృందానికి వెళ్ళలేదు, స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయలేదు.

వాడి మీద కోపం లేదు. ప్రేమతోనే చేశాడు, తెలుసు. అదే నా బాధ. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

అందుకే పేరు వద్దు. రెండు చేతులకీ కుట్టు అయింది, కాలరు మిగిలింది.

అత్త


ఫిబ్రవరి 15

అత్తా, అత్తా, అత్తా,

జేబులు కోసెయ్. నేను చెప్పేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు, తెలిసే రాశావు, కాబట్టి సగం తప్పు నీదే. ఆదివారం నాన్న పియానో తీగలు చుట్టుకుంటుంటే పక్కన కూర్చుని ఊరికే, "నాన్నా, జాలితో ఎవరైనా శ్రుతి దించుతారా?" అన్నాను. అంతే, నాన్న చేతిలో చుట్ట విడిపోయి గదంతా తీగ. "ఎవరన్నారు?" అన్నాడు. నేను మొత్తం చెప్పేశాను. నాన్న ముఖం ఎలా అయిపోయిందంటే నాకు భయమేసి మంచినీళ్ళు తెచ్చాను.

"అక్కకి చెప్పకుండా దించానా? పాడే మనిషికి చెప్పకుండా శ్రుతి దించడమంటే మెట్లెక్కుతున్నవాడికి చెప్పకుండా ఒక మెట్టు తీసెయ్యడం. నేను చస్తే చెయ్యను!" అన్నాడు. మరెలా జరిగింది అంటే విడిపోయిన తీగ మళ్ళీ చుట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి కక్కాడు. విను. నాన్న కూడా ఆ రికార్డు విని, అర స్వరం కిందుందని పట్టేశాడు. శ్రుతిదండమో తన చెయ్యో తప్పిందని, నీ పాటంతా తన మూలాన చెడిపోయిందని అనుకున్నాడు. సరిగ్గా ఆ వారమే నువ్వు పాడటం మానేశావు. ఇంకేముంది, తన తప్పు వల్లే అక్క మనసు విరిగిందని తీర్మానించుకున్నాడు. సిగ్గుతో ఆ శ్రుతిదండాన్ని తీసుకెళ్ళి కాలవలో పారేశాడట. దాన్ని ఇంకోదానితో పోల్చి చూడాలన్న బుద్ధి పారేశాకే పుట్టిందట!

అప్పటి నుంచే జేబులో మూడు శ్రుతిదండాలు పెట్టుకు తిరుగుతున్నాడు. ఒకటి తప్పితే మిగతా రెండూ సాక్ష్యం చెబుతాయని. నేను పుట్టినప్పటి నుంచీ అది నాన్న ఫ్యాషన్ అనుకుంటున్నాను.

మన ఇంటికి నువ్వొచ్చిన ప్రతిసారీ రేడియోలో పాట రాగానే మీ ఇద్దరూ చెరో గదిలోకి ఎందుకు పోతారో ఇప్పుడు తెలిసింది. నువ్వేమో తమ్ముడు సిగ్గుపడతాడని, తనేమో అక్క ఏడుస్తుందని. మీ ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యాలి.

నీ జేబుల్లేని పిచ్చుక


ఫిబ్రవరి 22

పిచ్చుకా,

నువ్వు చెప్పకుండా ఉంటావని నేను అనుకోలేదులే. అనుకుని ఉంటే రాసేదాన్ని కాదు.

కానీ నువ్వు చెప్పింది నమ్మలేను. మీ నాన్న శ్రుతి తప్పడమా? మా అమ్మ వంటింట్లో గిన్నె కింద పడితే అది ఏ స్వరమో చెప్పేవాడు, అప్పటికి వాడికి ఆరేళ్ళు. వాడికి చెయ్యి తప్పలేదు, దండమూ తప్పలేదు. నన్ను ఊరడించడానికి ఇప్పుడు ఇంకో కథ అల్లుతున్నాడు. అప్పుడు జాలితో దించాడు, ఇప్పుడు జాలితో తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. పాపం, కాలవ కూడా పెట్టాడు కథలో.

సరే, వాడు చెప్పిందే నిజమనుకో. అప్పుడు మాత్రం ఏం మారింది? జాలి వల్ల తగ్గినా, పొరపాటు వల్ల తగ్గినా, నేను పాడింది అర స్వరం తక్కువే కదా. అందనిది అందనిదే.

ఇంక దీని గురించి రాయొద్దు. కోటు పార్శిల్ చేశాను. జేబులు మూడూ ఉన్నాయి, కోయడానికి చేతులు రాలేదు.

అత్త


మార్చి 5

అత్తా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఇది చదివాక నన్ను తిట్టగలిగితే తిట్టు.

కోటు బ్రహ్మాండంగా ఉంది. దాన్నే వేసుకుని సోమవారం నీ రికార్డు మళ్ళీ తీశాను, కార్డు పూర్తి చేద్దామని. రెండో భాగానికీ మూడో భాగానికీ మధ్య అర నిమిషం పైగా నిశ్శబ్దం ఉంది, ఎందుకో కత్తిరించకుండా వదిలేశారు. కాగితాలు తిప్పుతున్న గలగల, ఎవరిదో దగ్గు, వాటి కింద సన్నగా టిక్, టిక్, టిక్. పెద్దాయన విని, "రికార్డు మీద గీత పడింది, ఆ మాట కార్డు మీద రాసెయ్" అన్నారు. రాయబోయి ఆగాను. గీత అయితే రికార్డు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి కొట్టుకోవాలి, అంటే నిమిషానికి ముప్పై మూడుసార్లు. ఇది చాలా దగ్గర దగ్గరగా ఉంది. స్టాప్‌వాచీ పెట్టి లెక్కపెట్టాను. అర నిమిషానికి ఇరవై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది, ఆ పైన ఇంకాస్త.

ఇరవై ఎనిమిది ఏమిటి? సెకనుకొకటి కొట్టే గడియారమైతే ముప్పై రావాలి కదా! అట్ట వెనక ఫోటో చూశాను. మీ వెనక గోడకి నిలువెత్తు లోలకం గడియారం ఉంది.

మర్నాడు సెలవు పెట్టి రెండు బస్సులు మారి ఆ మందిరానికి వెళ్ళాను. గడియారం అక్కడే ఉంది. దాని కింద కూర్చుని లెక్కపెట్టాను. అర నిమిషానికి ముప్పై. నిమిషానికి అరవై. తాళాలు తీసే ముసలాయన్నడిగితే, "యాభై ఏళ్ళుగా దీన్ని చూసే గంట కొడుతున్నా, వారానికి నిమిషం కూడా తప్పదు" అన్నాడు. రికార్డులో వినిపించినంత నెమ్మదిగా నడిస్తే అది రోజుకి గంటకి పైగా వెనకబడాలి అత్తా. అప్పట్లోనే ఊరంతా గోల చేసేది.

అంటే నెమ్మదించింది గడియారం కాదు. రికార్డే! ఆ రోజు పాట పట్టిన యంత్రమేదో కాస్త తొందరగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో వేసేసరికి అంతా నెమ్మదించింది. యంత్రం నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగుతుంది, నువ్వు కుట్టు మిషను తొక్కడం తగ్గించినప్పుడు దాని మోత కిందికి దిగుతుంది చూడు, అలాగ. ఎంత దిగుతుందో పెద్దాయన చేత లెక్క కట్టించాను. సరిగ్గా అర స్వరం.

మా దగ్గర వేగం మార్చే మీట ఉన్న ప్లేయరు ఒకటి ఉంది. టిక్కులు అర నిమిషానికి ముప్పై వచ్చేదాకా మీట జరిపి మళ్ళీ మొదటి నుంచీ వేశాం. అత్తా, ఆ పాట గంతులేసింది! నిమిషానికి ఎనభై నాలుగు దెబ్బలున్నది ఎనభై తొమ్మిదైంది. ఆ తడి బట్టలవాళ్ళంతా ఎండలోకి వచ్చేశారు. మా పెద్దాయన చెప్పు నేల మీద తాళం వేస్తోంది, ఆయనకి తెలియకుండానే. "భావం ఏం రాయమంటారు?" అంటే ఆయన "గంభీరం" మీద తనే అడ్డగీత కొట్టారు.

సాయంత్రం నాన్నని లాక్కొచ్చాను. మూడు శ్రుతిదండాలూ వరసగా కొట్టి చూశాడు. మూడూ ఒకే మాట: పూర్తి డి మేజర్. తన చెయ్యి తప్పలేదని తేలింది కదా, ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కుర్చీలో కూలబడిపోయి, "అక్క పూర్తిగా పాడిందే... పూర్తిగా పాడిందే" అని అదే మాట పదిసార్లు అన్నాడు. నేనూ పెద్దాయనా అరల వైపు తిరిగి నించున్నాం.

సరైన వేగంతో క్యాసెట్ తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. విను. అది నీదే. అతుకు లేదు.

పిచ్చుక


మార్చి 12

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగు రోజులు వినే ధైర్యం చాలక, ఇవాళ కొట్టు కట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని, కటింగ్ మాస్టారి టేప్ రికార్డరులో నీ క్యాసెట్ వేశాను.

ఏం పంపావే ఇది? రికార్డు కంటే ఇంకా అధ్వాన్నంగా ఉంది! ఆడవాళ్ళు మగవాళ్ళలా, మగవాళ్ళు ఎలుగుబంట్లలా. నా గొంతైతే బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. గంతులెయ్యడం అటుంచు, వీళ్ళు మంచం దిగేలా కూడా లేరు. మీ నాన్నా నువ్వూ మీ పెద్దాయనా కలిసి నన్ను సంతోషపెట్టడానికి ఒక కథ అల్లారు, దానికి క్యాసెట్టే సహకరించలేదు.

కోపం లేదు. నిజంగా లేదు. నాలుగు రోజులు నమ్మాను చూడు, ఆ నాలుగు రోజులూ చాలా బాగున్నాయి. కటింగ్ మాస్టారు "ఏంటమ్మా, ఈ మధ్య నవ్వుతున్నారు" అన్నాడు. అది చాల్లే.

అత్త


మార్చి 15

అత్తా!

ఆ టేప్ రికార్డరు బ్యాటరీల మీద నడుస్తోందా? ఆ బ్యాటరీలు ఎప్పటివి? కొత్తవి వేసి చూడు! ముందు పాట వినొద్దు, టిక్కులు లెక్కపెట్టు. చేతి గడియారం పెట్టుకుని అర నిమిషం. ముప్పై వస్తేనే పాట విను. రాకపోతే నేను ఉద్యోగం మానేసి నీ దగ్గర గుండీలు కుడతాను.

నీ ఉత్తరం నాన్న కూడా చదివాడు. పొద్దున్న లేచి చూస్తే మనిషి లేడు. టిఫిన్ కూడా తినకుండా చెప్పులేసుకుని పోయాడట. అమ్మ కంగారు పడుతోంది. అక్కడికే వచ్చుంటాడా?

పిచ్చుక


మార్చి 24

నా బంగారు పిచ్చుకా,

మీ నాన్న ఇల్లు చేరాడు కాబట్టి మీ అమ్మ కంగారు ఈపాటికి తీరే ఉంటుంది. నీ ఉత్తరం కంటే రెండు రోజుల ముందే మీ నాన్న ఇక్కడ దిగాడు. మంచి రద్దీ వేళ, కొట్టు నిండా యూనిఫారాల కోసం వచ్చినవాళ్ళు. వాడు గుమ్మంలో నించుని, పలకరింపు లేదు ఏం లేదు, జేబులోంచి నాలుగు కొత్త బ్యాటరీలు తీసి కటింగ్ బల్ల మీద పెట్టాడు. "అక్కా, ఆ డబ్బా ఎక్కడ?" అన్నాడు.

పాత బ్యాటరీలు తీస్తే చెమ్మ కారుతున్నాయి. అవి ఎప్పటివని అడిగితే కటింగ్ మాస్టారు తల గోక్కున్నాడు. కొత్తవి వేశాం. మిషన్లన్నీ ఆపించాను. ఇరవై ఏళ్ళలో పనివేళ నా కొట్టు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. కాజాలావిడ (కన్ను తగ్గింది) చేతి గడియారం పట్టుకుంది. మిగతావాళ్ళంతా వేళ్ళు మడుస్తూ లెక్క. మీ నాన్న మాత్రం లెక్కపెట్టలేదు, నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది... నా గుండె చప్పుడు ఎక్కడ లెక్కలో కలిసిపోతుందోనని భయపడ్డాను. ఇరవై తొమ్మిది. ముప్పై. "అర నిమిషం!" అని అరిచింది కాజాలావిడ.

అప్పుడు మూడో భాగం మొదలైంది. ఏం చెప్పనే! నిజంగానే గంతులేసింది. చొక్కాల కోసం వచ్చిన ఒకాయన భుజాలు ఊపుతున్నాడు. అందరి గొంతులూ ఆగిపోయి, నేను ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. వెళ్ళాను పిచ్చుకా! ఇరవై అయిదేళ్ళ దాన్ని, పూర్తి శ్రుతిలో, ఎవరి జాలీ లేకుండా. కటింగ్ మాస్టారు "ఎవరండీ ఆవిడ?" అన్నాడు. "నేనే" అన్నాను. అతను నమ్మలేదు. మీ నాన్న "మా అక్కే" అని గట్టిగా అని, ఏడవడం మొదలుపెట్టాడు. నేనూ ఏడ్చాను. తర్వాత నవ్వడం మొదలుపెట్టాం, ఇక ఆగలేదు. జరగని తప్పుకి ఇద్దరం ముప్పై ఒక్కేళ్ళు సిగ్గుపడ్డాం! "కాలవలో పారేసినదాన్ని వెతుకుదామా అక్కా" అంటాడు. వెర్రి నాగన్న. "రేపు అందుతుంది చూడు అని ఎందుకన్నావురా మరి?" అని అడిగాను. "అందుతుందని తెలుసు కాబట్టి. నువ్వు వంటింట్లో పాడుకున్నప్పుడు ప్రతిసారీ అందేది" అన్నాడు. నాకు ఆ సంగతే తెలియదు.

అందరూ వెళ్ళాక, తలుపు వేసుకుని, వాడి ముందు పాడి చూశాను. అందలేదు. అందే వయసా! పిల్లి తోక తొక్కినట్టే అరిచాను. మీ నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు, నేనూ నవ్వాను. అందకపోతే ఏమవుతుందోనని ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నదాన్ని, తీరా అందకపోతే ఏమీ కాలేదు. మర్నాడు బండి ఎక్కేటప్పుడు వాడు తన మూడు దండాల్లో ఒకటి నాకిచ్చి పోయాడు. ఇంక రెండు చాలట.

నీ కార్డు మీద పేరు రాసుకో. ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాలతో. హార్ప్సికార్డ్ శ్రుతి చేసినవాడి పేరు కూడా నా కింద అంతే పెద్దగా రాయి, చిన్నక్షరాలు ఒప్పుకోను. భావం గడిలో ఏం రాస్తావో నీ ఇష్టం, నాకు మాత్రం నవ్వు ఆగడం లేదు.

ఇంకొకటి. మా వీధి చివర సాయంత్రాలు ఒక బృందం పాడుతుంది. ఇన్నేళ్ళూ దానికి దూరంగా వెనక సందులోంచి ఇంటికి వెళ్ళేదాన్ని. నిన్న లోపలికి వెళ్ళాను. కింది గొంతుల వరసలో ఖాళీ ఉందట. నడిపే అమ్మాయి చిన్నది, నీ వయసుంటుంది, నన్నూ నా మెడలో ఉన్న కొలత టేపునీ చూసి మర్యాదగా, "ఇదివరకు ఎప్పుడైనా పాడారా అండీ?" అని అడిగింది.

"పాడానమ్మా, పూర్తి శ్రుతిలో" అన్నాను.

అత్త